వైజాగ్‌లో పిల్లలకి స్పానిష్ నేర్పడం ఎలా: ఒకటో తరగతి నుంచి ఎనిమిది దాకా

"మా పాపకి స్పానిష్ నేర్పిద్దామనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి?" ఎంవీపీ కాలనీ నుంచి మధురవాడ దాకా తల్లిదండ్రులు నన్ను అడిగేది ఇదే. కారణాలు రకరకాలు. కొందరికి అన్నో అక్కో అమెరికాలో ఉంటారు, అక్కడి స్కూళ్ళలో పిల్లలు ఎక్కువగా తీసుకునే విదేశీ భాష స్పానిష్. కొందరు మర్చంట్ నేవీలో తిరుగుతూ దక్షిణ అమెరికా రేవుల్లో ఈ భాష విన్నవాళ్ళు. కొన్ని ఇళ్ళలో పిల్లలకి ఫుట్‌బాల్ పిచ్చి. వెంటనే రెండో ప్రశ్న వస్తుంది: "మాకే రాదు కదా, మేమెలా నేర్పుతాం?"

నేర్పగలరు, కాకపోతే ఇంగ్లీష్ మీదుగా నేర్పకండి. తెలుగు మీదుగా నేర్పండి. యాప్‌లూ వర్క్‌బుక్‌లూ చాలావరకు ఇంగ్లీష్ వాక్యం ఇచ్చి దాన్ని స్పానిష్‌లోకి మార్చమంటాయి. మన పిల్లలు తప్పులు నేర్చుకునేది అక్కడే. ఉచ్చారణలోనూ వాక్యం కుదురులోనూ చాలాచోట్ల స్పానిష్‌కి ఇంగ్లీష్ కంటే తెలుగే దగ్గర. ఎక్కడ దగ్గరో, ఎక్కడ కాదో కింద చెప్తాను.

ఇక్కడ స్పానిష్ మాటలన్నీ తెలుగు లిపిలోనే రాశాను. ఇది మీ నోరు తిరగడానికే. పిల్లల నోటు పుస్తకంలో మాత్రం స్పానిష్ స్పెల్లింగ్ ఉండాలి.

కావలసినవి

- స్పానిష్ పాటలు, చిన్నపిల్లల కథలు వినిపించడానికి ఒక ఫోన్ లేదా స్పీకర్. ఒక్కో మాట ఎలా పలకాలో వినాలంటే ఫోర్వో అనే సైటు ఉంది. ఆయా దేశాలవాళ్ళే పలికి పెట్టిన రికార్డింగులు దొరుకుతాయి.
- ఫోన్‌లో స్పానిష్ కీబోర్డు. సెట్టింగ్స్‌లో భాష జతచేస్తే చాలు.
- రెండు రంగుల పెన్నులు, నీలం, ఎరుపు.
- పాత పెళ్ళిపత్రికలు (వెనకవైపు ఖాళీగా ఉన్నవి), గుప్పెడు చింతపిక్కలు.
- పెద్దవాళ్ళలో ఒకరు రోజూ ఇచ్చే కాస్త సమయం. ఒకటి, రెండు తరగతుల పిల్లలకి రోజుకి 15 నిమిషాలు, మూడు నుంచి ఐదు దాకా 20 నుంచి 25, ఆరు నుంచి ఎనిమిది దాకా వారానికి నాలుగు రోజులు 40 నిమిషాల చొప్పున. ఆదివారం ఒక్కసారే రెండు గంటలు కూర్చోబెడితే లాభం లేదు. బుధవారానికి అంతా మర్చిపోతారు.

పాఠ్యపుస్తకం కొనాలా అని అడుగుతారు. ఐదో తరగతి లోపు అక్కర్లేదు. ఆరు నుంచి ఒకటి ఉంటే మంచిది.

మొదలుపెట్టే ముందు తేల్చుకోవాల్సింది

స్పెయిన్ ఉచ్చారణా, లాటిన్ అమెరికా ఉచ్చారణా? జెడ్ అక్షరాన్నీ, ఇ, ఐల ముందు వచ్చే సి అక్షరాన్నీ స్పెయిన్‌లో చాలాచోట్ల నాలుక పళ్ళ మధ్య పెట్టి పలుకుతారు. లాటిన్ అమెరికాలో అది మామూలు 'స'. అమెరికాలో బంధువులుంటే లాటిన్ అమెరికా పద్ధతే తీసుకోండి, మన పిల్లలకి తేలిక కూడా. ఏది తీసుకున్నా అందులోనే ఉండండి. ఒక వీడియో స్పెయిన్‌ది, ఇంకోటి మెక్సికోది, మరోటి అర్జెంటీనాది పెడితే చిన్నపిల్లలు అయోమయంలో పడతారు. ఈ గైడ్‌లో లాటిన్ అమెరికా పద్ధతే వాడాను.

1. ముందు మీ నోరు సరిచేసుకోండి

పిల్లలు మీరు పలికినట్టే పలుకుతారు. కాబట్టి మొదటి వారం పాఠం మీకే.

అచ్చులు ఐదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. తెలుగులో ఎలా పలుకుతామో దాదాపు అలాగే. ఇంగ్లీష్‌లోలా ఒకే అక్షరం ఒక్కోచోట ఒక్కోలా మారదు.

టి, డి అక్షరాలు కనిపిస్తే 'ట, డ' అనకండి. అవి 'త, ద'. 'కోమో ఎస్టాస్' తప్పు, 'కోమో ఎస్తాస్' (ఎలా ఉన్నావు?) సరైనది. ఇంగ్లీష్ మీడియం పిల్లలు దీన్ని నూటికి నూరుపాళ్ళూ ఇంగ్లీష్‌లాగే చదువుతారు. 'తాత, దాదా' అన్నప్పటి త, ద అని ఒక్కసారి గుర్తుచేస్తే సర్దుకుంటారు. పి, కె ధ్వనుల్లో కూడా ఇంగ్లీష్‌లో వచ్చే ఊదుడు ఉండదు, మన 'ప, క' సరిపోతాయి.

హెచ్ అసలు పలకదు. 'హోలా' కాదు, 'ఓలా'. జె అక్షరం 'జ' కాదు, కాస్త గరుకైన 'హ'. రెండు ఎల్‌లు పక్కపక్కన వస్తే 'య'. అర్జెంటీనావాళ్ళు దాన్నే 'ష' అంటారు, వినపడితే కంగారు పడకండి. వి అక్షరానికీ బి అక్షరానికీ ధ్వని ఒకటే. ఆవు 'వాకా' కాదు, 'బాకా'. రెండు అచ్చుల మధ్య వచ్చినప్పుడు ఆ 'బ'కి పెదాలు పూర్తిగా మూసుకోవు, అంతే తేడా.

'ర' దగ్గర మన పిల్లలకి మంచి సౌకర్యం ఉంది. 'పెరో' అంటే 'కానీ', 'పెర్రో' అంటే కుక్క. ఇంగ్లీష్ మాట్లాడే పిల్లలు ఈ రెండో ర కోసం నెలల తరబడి నానా తంటాలు పడతారు. మనవాళ్ళకి 'గొర్రె, కర్ర, బుర్ర' అనడం వచ్చు. ఆ ర్ర ని ఇంకాస్త ఆడిస్తే చాలు. మాట మొదట్లో ఆర్ వచ్చినా ఇలాగే గట్టిగా పలకాలి: ఎర్రటిది 'ర్రోహో'.

జాగ్రత్త: మన నోటికి చివర అచ్చు తగిలించే అలవాటు ఉంది. 'ఎస్పాన్యోల్' అన్నది 'ఎస్పాన్యోలు' అవుతుంది. మీరే ముందు ఆపుకోవాలి. ఇంకో అలవాటు మాత్రం ఇక్కడ మేలే చేస్తుంది. స్కూల్‌ని 'ఇస్కూలు' అన్నామని పెద్దవాళ్ళు మనల్ని దిద్దేవాళ్ళు కదా, స్పానిష్‌లో బడి 'ఎస్కువేలా'. స్పానిష్ మాట 'స్క, స్త, స్ప'లతో మొదలవదు, ముందు 'ఎ' ఉంటుంది.

2. ఒకటి, రెండు తరగతులు: చెవి, కాళ్ళు, చేతులు. పెన్ను వద్దు

ఈ వయసులో రాయించకండి. మీరు ఆజ్ఞ ఇవ్వాలి, వాళ్ళు చేయాలి. 'లెబాంతతె' అని మీరే లేచి నిలబడండి. 'సియేంతతె' అని కూర్చోండి. 'సాల్తా' అని గెంతండి. 'తోకా లా మేసా' అని బల్ల ముట్టుకోండి. 'ఆబ్రె లా పువెర్తా' అని తలుపు తీయండి. మొదటి రెండు రోజులు మీరూ కలిసి చేయాలి, మూడో రోజు చెప్పి ఊరుకోవాలి. చేస్తే అర్థమైనట్టే.

ఒకసారికి మూడు, నాలుగు ఆజ్ఞలు చాలు. అవి పూర్తిగా వచ్చాకే కొత్తవి. తిరిగి వాళ్ళ చేత పలికించాలని తొందరపడకండి. కొన్ని వారాలు వింటూ మాత్రమే ఉండే పిల్లలుంటారు. వాళ్ళకి రావడం లేదని టెన్షన్ పడొద్దు. ఆజ్ఞ విని సరిగ్గా చేస్తున్నారంటే పని జరుగుతోంది. కొన్నాళ్ళకి వాళ్ళే టీచరై మీకు ఆజ్ఞలిస్తారు. అప్పుడు మీరు తూచా తప్పకుండా చేయండి, గెంతమంటే గెంతండి.

జాగ్రత్త: ప్రతి మాటకీ వెంటనే తెలుగు అర్థం చెప్పకండి. చెప్తే పిల్లలు తెలుగు కోసమే ఎదురుచూస్తారు. వస్తువు చూపించండి, చేసి చూపించండి. తెలుగు సాయం ఐదో స్టెప్పులో కావాలి, ఇక్కడ కాదు.

3. ఇంట్లో వస్తువుల పేర్లు, ఎప్పుడూ జంటగా

స్పానిష్‌లో ప్రతి నామవాచకానికీ లింగం ఉంటుంది. బల్ల స్త్రీలింగం, పుస్తకం పుంలింగం. తెలుగులో వస్తువులకి ఈ తేడా లేదు కాబట్టి పిల్లలు మొదట వింతగా చూస్తారు. హిందీ చదివే పిల్లలైతే 'మేరీ కితాబ్, మేరా ఘర్' గుర్తుచేయండి, చటుక్కున పట్టుకుంటారు.

మాటని ఒంటరిగా ఎప్పుడూ నేర్పకండి. 'మేసా' అని కాదు, 'లా మేసా' అని. 'లీబ్రో' కాదు, 'ఎల్ లీబ్రో'. పేరు రాసిన చీటీలు వస్తువులకి అంటించండి, 'ఎల్' వాటికి నీలం, 'లా' వాటికి ఎరుపు. ఎక్కువగా 'ఒ'తో ముగిసేవి నీలం, 'అ'తో ముగిసేవి ఎరుపు. ఎదురు తిరిగేవి కొన్ని ఉన్నాయి: లా మానో (చెయ్యి), ఎల్ దీయా (రోజు), ఎల్ మాపా (మ్యాపు). వీటిని సూత్రంగా చెప్పకండి, జంటగా అలవాటైపోతే చాలు.

తెలుగులో మనం వాడే కొన్ని మాటలు పోర్చుగీసు నుంచి వచ్చాయి, వాటి చుట్టాలు స్పానిష్‌లో ఉన్నాయి. అలమార అక్కడ 'ఎల్ అర్మారియో', తువ్వాలు 'లా తొఆయా', బొత్తాం 'ఎల్ బొతోన్'. మొదటి రోజు ఇవే చెప్తే "ఇది నాకు తెలుసే!" అనే ధైర్యం వస్తుంది.

4. లొతెరియా ఆట

రెండో తరగతి నుంచి ఎనిమిది దాకా పనికొచ్చే సాధనం ఇది, అందుకే దీనికి కాస్త ఎక్కువ చోటిస్తున్నాను. మెక్సికోలో ఇది ఇంటింటి ఆట. మన తంబోలా లాంటిదే, అంకెల బదులు బొమ్మలుంటాయి. పేకలో 54 బొమ్మలు, ఒక్కో అట్ట మీద 16 గళ్ళు. పిలిచిన బొమ్మ మీ అట్ట మీద ఉంటే దాని మీద చిక్కుడు గింజ పెట్టాలి. వరస నిండితే "లొతెరియా!" అని అరవాలి.

కొన్నదానికంటే ఇంట్లో చేసుకున్నది మేలు. పెళ్ళిపత్రికల్ని ముక్కలుగా కోసి, వెనక వైజాగ్ బొమ్మలే గీయించండి. ఎల్ ఫారో (లైట్‌హౌస్), ఎల్ బార్కో (ఓడ), లా ప్లాయా (బీచ్), లా అరేనా (ఇసుక), ఎల్ సోల్ (సూర్యుడు), లా యూబియా (వాన), ఎల్ కోకో (కొబ్బరికాయ), ఎల్ త్రెన్ (రైలు). ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి చూసిన పిల్లలు 'ఎల్ సుబ్‌మరీనో' బొమ్మ ఎవరు గీయాలని కొట్టుకుంటారు. కెరటాన్ని 'లా ఓలా' అంటారు, పలకరించే 'ఓలా' కూడా వినడానికి అచ్చం అదే. స్పెల్లింగులో హెచ్ ఒక్కటే తేడా. పోర్టు 'ఎల్ పువెర్తో', తలుపు 'లా పువెర్తా'. ఈ రెండు బొమ్మలూ తప్పకుండా పెట్టండి. చివరి అచ్చు మారితే మాటే మారిపోతుందని పిల్లలకి ఇంతకంటే బాగా తెలియదు.

ఆడించే తీరు ఇది. పిలిచేవాళ్ళు "ఎల్ బార్కో!" అంటారు. ఓడ బొమ్మ ఉన్న పిల్ల గబుక్కున చింతపిక్క పెట్టేస్తుంది. పెట్టనివ్వకండి. "తెంగో ఎల్ బార్కో" (నా దగ్గర ఓడ ఉంది) అన్నాకే పిక్క దిగాలి. మొదట్లో "బార్కో, బార్కో!" అని అరుస్తారు. మీరు ఏమీ అనకుండా పిక్క చేతిలో పట్టుకుని ఎదురుచూడండి. పక్కనున్న పిల్లాడు "తెంగో, తెంగో అనాలి!" అని అందిస్తాడు. రెండు ఆటలయ్యేసరికి పూర్తి వాక్యం దానంతటదే నోట్లోకొస్తుంది.

పెద్దపిల్లలతో ఆడేటప్పుడు పేరు చెప్పకండి, వర్ణించండి. "ఎస్తా ఎన్ లా ప్లాయా, ఎస్ గ్రాందె..." (బీచ్‌లో ఉంది, పెద్దది) అంటూ వెళ్తే వాళ్ళే కనిపెట్టాలి. చేపలకి రెండు బొమ్మలు గీయించండి. నీళ్ళలో ఈదేది 'ఎల్ పెస్', ఫిషింగ్ హార్బర్‌లో తట్టలోకి వచ్చింది 'ఎల్ పెస్కాదో'.

5. మూడు నుంచి ఐదు: 'నాకు' వాక్యాలు

ఇక్కడే తెలుగు బలం తెలుస్తుంది. ఇంగ్లీష్ మీదుగా వచ్చిన పిల్లలు 'ఐ లైక్' అన్న ధోరణిలో "యో గుస్తో మాంగో" అంటారు. అది తప్పు. తెలుగులో ఆలోచించమనండి: 'నాకు మామిడిపండు ఇష్టం'. స్పానిష్‌లో కూడా 'నాకు'తోనే మొదలు: "మె గుస్తా ఎల్ మాంగో." పళ్ళు ఎక్కువైతే "మె గుస్తాన్ లోస్ మాంగోస్." తలనొప్పీ అంతే, 'నాకు తల నొప్పిగా ఉంది' అన్నట్టే "మె దువెలె లా కబేసా."

ఆకలి, దాహం, చలి, ఉక్క మాత్రం 'తెంగో'తో: తెంగో ఆంబ్రె, తెంగో సెద్, తెంగో ఫ్రీయో, తెంగో కలోర్. వయసు కూడా 'తెంగో'తోనే: "తెంగో ఓచో ఆన్యోస్" (నాకు ఎనిమిదేళ్ళు).

హెచ్చరిక: మే నెలలో పిల్లలు ఉక్కపోస్తోందని చెప్పబోయి, ఇంగ్లీష్ వాక్యాన్ని మక్కికి మక్కి దించి "ఎస్తోయ్ కాలియెంతె" అంటారు. మనిషి తన గురించి అలా అంటే అసభ్యమైన అర్థం వస్తుంది. ఎందుకని వివరించక్కర్లేదు, 'తెంగో కలోర్' ఒక్కటే వాళ్ళ నోట ఉండేలా చూడండి.

వారాల పేర్లు తెలుగు పక్కన పెట్టి నేర్పండి. సోమవారం చంద్రుడిది, అక్కడా చంద్రుడిదే: లూనెస్. మంగళవారం కుజుడిది, మార్తెస్. బుధుడికి మియెర్కోలెస్, గురుడికి హువేబెస్, శుక్రుడికి బియెర్నెస్. గ్రహాల పేర్లు తెలిసిన పిల్లలు ఒక్క పూటలో పట్టేస్తారు. సాబదో, దొమింగో మాత్రం బట్టీ పట్టాలి.

అంకెలకి రైతుబజారు సంచి వాడండి. ఇంటికొచ్చాక కూరగాయలు బల్ల మీద పోసి కొట్టు పెట్టించండి. "క్వాంతో క్వెస్తా?" (ఎంత?) అని మీరడగాలి, వాళ్ళు ధర చెప్పాలి. ఒకటి నుంచి పదిహేను దాకా కంఠతా రావాలి, ఆ పైన లెక్క కలుపుకుంటూ పోవచ్చు. సెసెంతా (60), సెతెంతా (70) దగ్గర దాదాపు అందరూ తికమకపడతారు. ధరలు కావాలనే ఆ రెండింటిలో పెట్టండి.

6. చదవడం, రాయడం

మూడో తరగతి మధ్యలో మొదలుపెట్టండి, నోటికి వచ్చిన మాటలతోనే. స్పానిష్ రాసినట్టే చదువుతారు కాబట్టి చదవడం తొందరగా వస్తుంది.

"తెలుగు లిపిలో రాసుకోనివ్వచ్చా?" అని చాలామంది అడుగుతారు. మొదటి రెండు మూడు వారాలు పర్వాలేదు, ఇంగ్లీష్ ఉచ్చారణ కంటే అదే నయం. ఆ తర్వాత ఆపాలి. తెలుగు లిపిలో రాస్తే పలకని హెచ్ కనిపించదు, బి, వి ఒకటైపోతాయి, ఎస్, జెడ్ కలిసిపోతాయి. తర్వాత స్పెల్లింగ్ నిలవదు.

రెండు విషయాలు మొదటి రోజు నుంచే గట్టిగా పట్టుకోండి. ఒకటి, ఎన్ మీద వచ్చే అలలాంటి గీత. అది వేరే అక్షరం, స్పానిష్ వర్ణమాలలోని 27 అక్షరాల్లో ఒకటి. 'ఆన్యో' (సంవత్సరం) మీద ఆ గీత మర్చిపోతే శరీరంలో చెప్పకూడని చోటు పేరవుతుంది. తన వయసు రాసే మొదటి వాక్యంలోనే ఈ ప్రమాదం ఉంది. రెండు, ఒత్తు గుర్తు, అంటే గట్టిగా పలకాల్సిన అచ్చు మీద పెట్టే చిన్న ఏటవాలు గీత. 'పాపా' అని మొదటి అక్షరం ఒత్తితే లాటిన్ అమెరికాలో బంగాళదుంప, రెండోది ఒత్తితే నాన్న.

ఒత్తు సూత్రం చిన్నదే. మాట అచ్చుతోగానీ, ఎన్, ఎస్‌లతోగానీ ముగిస్తే చివరి నుంచి రెండో అక్షరం మీద ఒత్తు (ఇక్కడ అక్షరమంటే పలికేటప్పటిది, 'పా-పా'లో రెండు). మిగతావాటికి చివరి అక్షరం మీద. దీనికి విరుద్ధంగా ఉంటే అక్కడ గుర్తు పెట్టి చూపిస్తారు. మన పిల్లలు అన్ని అక్షరాల్నీ ఒకే బరువుతో పలుకుతారు, లేదా మొదటిదాన్ని సాగదీస్తారు. మాట పలుకుతూ ఒత్తు వచ్చేచోట చప్పట్లు కొట్టించండి.

7. ఆరు నుంచి ఎనిమిది: వ్యాకరణం, తెలుగు పక్కన పెట్టి

*క్రియ తోకలు.* మాట్లాడతాను, మాట్లాడతావు, మాట్లాడతాం, మాట్లాడతారు. తోక చూస్తేనే ఎవరో తెలుస్తుంది, అందుకే 'నేను, నువ్వు' వదిలేస్తాం. స్పానిష్‌లో కూడా అంతే: ఆబ్లో, ఆబ్లాస్, ఆబ్లామోస్, ఆబ్లాన్. అతనికీ ఆమెకీ కలిపి 'ఆబ్లా'. ఇంగ్లీష్ నుంచి వచ్చినవాళ్ళు ప్రతి వాక్యం ముందూ 'యో, యో' అంటారు. "తెలుగులో ప్రతిసారీ 'నేను' అంటావా?" అని అడగండి.

*నువ్వు, మీరు.* 'తూ' నువ్వు, 'ఉస్తెద్' మీరు. ఉస్తెద్‌కి క్రియ అతడు, ఆమెలకి వాడే తోకతో వస్తుంది.

*రెండు 'ఉండు'లు.* సేర్, ఎస్తార్. ఇంగ్లీష్‌లో రెండిటికీ ఒకే మాట కాబట్టి పుస్తకాలు పేజీలకి పేజీలు వివరిస్తాయి. తెలుగులో ఒక గుర్తు ఉంది. తెలుగు వాక్యంలో క్రియే అక్కర్లేకపోతే సేర్: 'ఆమె టీచర్', "ఎయా ఎస్ మాయెస్త్రా". 'మాది వైజాగ్', "సొయ్ దె వైజాగ్". 'ఉంది, ఉన్నాను' కావలసివస్తే ఎస్తార్: 'నేను ఇంట్లో ఉన్నాను', "ఎస్తోయ్ ఎన్ కాసా". 'టీ వేడిగా ఉంది', "ఎల్ తె ఎస్తా కాలియెంతె". టీకి, అన్నానికి ఈ కాలియెంతె నిక్షేపంగా వాడొచ్చు.

ఈ గుర్తు ఒకచోట పనిచేయదు. 'పొడవుగా ఉంటాడు, తెలివిగా ఉంటుంది' లాంటి స్థిరమైన గుణాలకి తెలుగులో 'ఉండు' వచ్చినా స్పానిష్‌లో సేర్. ఈ మినహాయింపు మొదటి రోజే చెప్పండి.

*జరిగిపోయిన కాలం.* ఎనిమిదో తరగతిలో వస్తుంది. 'నిన్న బీచ్‌కి వెళ్ళాం', "అయేర్ ఫుయీమోస్ ఆ లా ప్లాయా". 'చిన్నప్పుడు బీచ్‌కి వెళ్ళేవాళ్ళం', "ఈబామోస్ ఆ లా ప్లాయా". 'వెళ్ళాం', 'వెళ్ళేవాళ్ళం' అన్న తేడా తెలుగు పిల్లలకి పుట్టుకతో తెలుసు. ముందు తెలుగు వాక్యం రాయించి, తర్వాత స్పానిష్ కాలం ఎంచుకోమనండి.

ఆరో తరగతి దాటాక కొత్తగా మొదలుపెట్టే పిల్లల్ని చిన్నపిల్లలతో కలిపి కూర్చోబెట్టకండి, నామోషీగా ఉంటుంది. ఒకటి నుంచి ఐదు స్టెప్పులే వాళ్ళకీ చెప్పండి, కానీ వేగంగా. బొమ్మల బదులు క్రికెట్, ఫుట్‌బాల్, వాళ్ళకి నచ్చిన వంటలు తీసుకోండి.

8. బయటి గొంతు వినిపించండి

ఇంట్లో ఒక్కరి మాటే వింటే పిల్లలకి ఆ ఒక్క గొంతే అర్థమవుతుంది. ఐదో తరగతి దాటాక వారానికో రోజు ఆన్‌లైన్‌లో స్పానిష్ మాతృభాషగా ఉన్నవాళ్ళతో మాట్లాడించగలిగితే మంచిది. సమయం చూసుకోండి. మనకి ఉదయం ఏడయితే మెక్సికో సిటీలో ముందురోజు రాత్రి ఏడున్నర, స్కూలు బస్సు లోపు అరగంట కుదురుతుంది. మనకి సాయంత్రం ఏడయితే స్పెయిన్‌లో చలికాలం రెండున్నర, ఎండాకాలం మూడున్నర, అంటే వాళ్ళ భోజనాల వేళ. ముందే అడిగి పెట్టుకోండి.

ట్యూటర్‌ని ఎంచుకునేటప్పుడు డెమో క్లాసులో ఒక్కటే గమనించండి: పిల్ల ఎక్కువ మాట్లాడిందా, టీచర్ ఎక్కువ మాట్లాడారా? క్లాసు జరుగుతున్నంతసేపూ మీరు మాట వినపడేంత దూరంలో ఉండండి. ఖర్చు కుదరకపోతే, అపార్ట్‌మెంట్‌లో నలుగురు పిల్లల్ని కలిపి లొతెరియా ఆడించడం కూడా బాగా పనిచేస్తుంది.

తెలుగు వల్ల వచ్చే తప్పులు

తెలుగు సాయం చేయని చోట్లు కూడా ఉన్నాయి.

మనం 'ఎర్ర చొక్కా' అంటాం, స్పానిష్‌లో చొక్కా ముందు, ఎరుపు తర్వాత: కమీసా ర్రోహా. పైగా లింగాన్ని బట్టి రంగు తోక మారుతుంది, పుస్తకమైతే లీబ్రో ర్రోహో. పిల్లలు 'ర్రోహా కమీసా' అంటూనే ఉంటారు. దిద్దుతూ ఉండండి, విసుక్కోవద్దు.

మనకి క్రియ చివర, వాళ్ళకి మధ్యలో. 'మాంగో కోమో' కాదు, 'కోమో మాంగో' (మామిడిపండు తింటాను).

ప్రశ్నకి ముందు కూడా తలకిందులు ప్రశ్నార్థకం పెట్టాలి. రాతలో అందరూ మర్చిపోయేది ఇదే.

దిద్దేటప్పుడు మాట మధ్యలో ఆపకండి. వాక్యం పూర్తి కానిచ్చి, మీరు సరైన రూపంలో తిరిగి అనండి. "ర్రోహా కమీసా" అంటే "సీ, లా కమీసా ర్రోహా" అని మీరు. రాతలో మాత్రం ఎర్రపెన్నుతో దిద్దొచ్చు, ఒకసారికి ఒక రకం తప్పే.

స్పానిష్ కోసం స్కూల్లో తెలుగు తీసేయించాలా అని అడిగేవాళ్ళున్నారు. దయచేసి ఆ పని చేయకండి. 2020 జాతీయ విద్యా విధానం ప్రకారం కూడా మూడు భాషల్లో కనీసం రెండు భారతీయ భాషలుండాలి, విదేశీ భాషల్ని సెకండరీ స్థాయిలో అదనంగా నేర్చుకోవచ్చంటుంది. తెలుగు బాగా వచ్చిన పిల్లలకే ఏడో స్టెప్పు సులువు.

వచ్చిందో లేదో ఎలా చూడాలి

'దీని అర్థమేంటి?' అని అడగడం పరీక్ష కాదు. అర్థం చెప్పగలిగే పిల్లలు మాట్లాడలేకపోవచ్చు.

- రెండో తరగతి చివర: సైగలేవీ లేకుండా, మీ వీపు పిల్ల వైపు పెట్టి ఆజ్ఞలివ్వండి. పది ఆజ్ఞల్లో ఎనిమిది తడుముకోకుండా చేస్తే బాగా వచ్చినట్టు. నాలుగైదే చేస్తే ఇంతకాలం మీ చేతుల్ని చూసి చేసిందన్నమాట, రెండో స్టెప్పుకి వెళ్ళండి.
- ఐదో తరగతి చివర: ఫోన్‌లో రికార్డు పెట్టి ఐదు ప్రశ్నలడగండి. పేరు, వయసు, ఎక్కడుంటారు, ఏది ఇష్టం, ఈరోజు ఏ వారం. నెలనెలా అవే ప్రశ్నలు. పాత రికార్డింగు పక్కన పెట్టి వింటే తేడా మీకే తెలుస్తుంది. జవాబుకి ముందు పిల్ల మనసులో ఇంగ్లీష్ వాక్యం కూర్చుకుంటోందేమో కనిపెట్టండి, 'యో గుస్తో' వినపడితే అదే కారణం.
- ఆరు నుంచి ఎనిమిది: ఐదారు వాక్యాలు మీరు చదవండి, వాళ్ళు రాయాలి. హెచ్, బి, వి, ఒత్తు గుర్తులు ఎక్కడ పోతున్నాయో తెలిసిపోతుంది. తర్వాత ఎప్పుడూ చూడని ఫోటో ఒకటిచ్చి రెండు నిమిషాలు వర్ణించమనండి.

సర్టిఫికెట్ కావాలంటే స్పెయిన్ ప్రభుత్వ సంస్థ ఇన్‌స్టిట్యూటో సెర్వాంతెస్ నిర్వహించే డెలె పరీక్ష ఉంది. ఎ1 నుంచి సి2 దాకా ఆరు స్థాయిలు. 11 నుంచి 17 ఏళ్ళ పిల్లల కోసం ఎ1 స్థాయిలోనూ, ఎ2, బి1 కలిపీ ప్రత్యేక పరీక్షలున్నాయి. చదవడం, రాయడం, వినడం, మాట్లాడడం నాలుగూ ఉంటాయి, సర్టిఫికెట్‌కి గడువు ఉండదు. ఆ సంస్థ ఢిల్లీలో ఉంది. తేదీలు, మనకి దగ్గరి కేంద్రం వాళ్ళ వెబ్‌సైట్‌లో చూసుకుని, స్కూలు పరీక్షలతో తగలకుండా ఎంచుకోండి. ఏడో తరగతి లోపు రాయించమని నేను చెప్పను. ఫోటో వర్ణన రెండు నిమిషాలు ఆగకుండా సాగుతుంటే ఎ1 కి కట్టండి. అర నిమిషానికే ఆగిపోతుంటే ఫీజు దాచుకుని, ఇంకో ఆరు నెలలు లొతెరియా వర్ణనలూ బయటివాళ్ళతో మాటలూ పెంచండి.